టేబుల్ కూడా పేరే కదా మేడమ్?

ప్రశ్న: సార్, నేను డిగ్రీ అయిపోయి పరకాల వైపు ఒక ఊళ్లో చిన్న ప్రైవేట్ స్కూల్లో నాలుగో తరగతికి ఇంగ్లీష్ చెప్తున్నాను. నాది కూడా తెలుగు మీడియమే. మొన్న నౌన్స్ పాఠంలో "పేర్లన్నీ ప్రాపర్ నౌన్స్, మిగతావి కామన్ నౌన్స్" అని చెప్పాను. ఒక పిల్లాడు లేచి "టేబుల్ కూడా దాని పేరే కదా మేడమ్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. "లోకంలో ఒక్కటే ఉంటే ప్రాపర్, చాలా ఉంటే కామన్" అని సర్దిచెప్పాను. తెల్లారి వర్క్‌షీట్‌లో వాడు సన్ అనేది ప్రాపర్ నౌన్ అని, సండే అనేది కామన్ నౌన్ అని రాశాడు. అడిగితే "సూర్యుడు ఒక్కడే కదా, సండేలు ఏడాదికి యాభై రెండు వస్తాయి కదా" అంటాడు. రెండూ తప్పు కొట్టాను కానీ ఎందుకు తప్పో నాకే తెలియదు. దానికి తోడు గోడ చార్టు మీద "మై మదర్ ఈజ్ ఎ టీచర్" అని రాస్తే మదర్‌కు, టీచర్‌కు పెద్ద అక్షరం పెట్టాలా వద్దా అని స్టాఫ్ రూమ్‌లో గొడవ. మళ్లీ ఆ క్లాసుకు వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. నా పేరు, మా ఊరి పేరు వేయకండి.

జవాబు: టీచరమ్మా, ముందు ఆ పిల్లాణ్ణి ఏమీ అనకండి. వాడు అల్లరికి అడగలేదు, మీరు చెప్పింది విని, నమ్మి, దాన్ని ఇంకో నాలుగు మాటల మీద పెట్టి చూశాడు. నేను ముప్పై ఏళ్లకు పైగా హన్మకొండలో ఇంగ్లీష్ చెప్పాను, ఇట్లాంటి పిల్లలు నాకు పదేళ్లకు ఒకరు దొరికితే గొప్ప. మిగతావాళ్లంతా "ఎస్ సార్" బ్యాచే.

టేబుల్ సంగతి చూద్దాం. వాడు అన్నది నిజం, టేబుల్ కూడా పేరే. నౌన్ అనే మాట వచ్చిందే పేరు అని అర్థమున్న లాటిన్ మాట నోమెన్ నుంచి. మన నామవాచకంలో నామం అన్నా పేరే. అంటే నౌన్ ఏదైనా పేరే, అందుకే "పేర్లన్నీ ప్రాపర్ నౌన్స్" అనగానే మీ పాఠం మొదటి వాక్యంలోనే చిక్కుపడింది. ఇది మీ ఒక్కరి పొరపాటు కాదు, నాకు చెప్పిన సారూ అట్లాగే చెప్పారు, నేనూ మొదటి నాలుగైదేళ్లు అట్లాగే చెప్పి తప్పించుకున్నాను.

ఇంకో చిక్కు ప్రాపర్ అనే మాటతో. మన దగ్గర "ప్రాపర్‌గా కూర్చో", "ప్రాపర్‌గా రాయి" అని రోజూ అంటాం కాబట్టి పిల్లలకు ప్రాపర్ అంటే పద్ధతైనది, మంచిది అని పడిపోతుంది. అప్పుడు కామన్ నౌన్ ఏదో తక్కువ రకం నౌన్ అనుకుంటారు. ఇక్కడి ప్రాపర్‌కు ఆ అర్థం లేదు. సొంతం అని అర్థమున్న లాటిన్ మాట ప్రోప్రియస్ నుంచి వచ్చింది, మనందరికీ బాగా తెలిసిన ప్రాపర్టీ అనే మాట కూడా ఆ వేరు నుంచి పుట్టిందే. కాబట్టి ప్రాపర్ నౌన్ అంటే సొంత పేరు. పిల్లలకు నేనైతే పట్టా పేరు అని చెప్పేవాణ్ణి. పొలం చాలామందికి ఉంటుంది, కానీ పాసుబుక్కులో సర్వే నంబరుతో సహా ఒకరి పేరు మీద ఎక్కిన ముక్క వేరు కదా. కామన్ నౌన్ అంటే ఊరందరిదీ, ఆ జాతిలో ఎవరికైనా, దేనికైనా వాడుకోవచ్చు. తెలుగు వ్యాకరణంలో సంజ్ఞావాచకం, జాతివాచకం అని మీరూ చదివే ఉంటారు, ఆ జాతివాచకం అనే మాటలోనే విషయమంతా ఉంది, ఇంగ్లీష్ క్లాసులోకి రాగానే దాన్ని గుమ్మం బయటే వదిలేస్తాం.

తెలుగులో ఇంకా తేలికైన దారి ఉంది. టేబుల్ చూపించి మనం ఏమని అడుగుతాం? "దీన్ని ఏమంటారు?" అని. కొత్తగా చేరిన పిల్లను చూసి ఏమని అడుగుతాం? "నీ పేరేంది?" అని. "ఏమంటారు"కు వచ్చే జవాబు కామన్ నౌన్, "నీ పేరేంది"కి వచ్చే జవాబు ప్రాపర్ నౌన్. టేబుల్ దగ్గరికి పోయి "నీ పేరేంది" అని అడగమని వాడికే చెప్పండి, క్లాసు ఈసారి మీతో కలిసి నవ్వుతుంది. ఎవరో తుంటరి ఆ టేబుల్‌కు ఒక పేరు పెట్టాడే అనుకోండి, నేను చూశాను, మా బడిలో కుంటి బెంచీకి పిల్లలు రాజు అని పేరు పెట్టారు, "రాజు మీద కూర్చోకురా పడతావు" అనేవాళ్లు. అదీ ప్రాపర్ నౌనే. బెంచీ అనేది దాన్ని ఏమంటారో ఆ మాట, రాజు అనేది దాని సొంత పేరు.

మీరు మీ పేరు వేయొద్దన్నారు. అందుకని నేను మిమ్మల్ని "ఒక టీచర్" అంటున్నాను, మీ ఊరిని "ఒక ఊరు" అంటున్నాను, వాణ్ణి "ఒక పిల్లాడు" అంటున్నాను. మీ ఉత్తరంలో పట్టా పేర్లు తీసేసి ఉమ్మడి పేర్లు ఉంచాను, మీరెవరో ఇక ఎవరికీ తెలియదు. పేరు దాచాలంటే చేసే పని ఇదే కదా, పిల్లలకు ఇది కూడా ఒక ఆటగా పెట్టొచ్చు.

ఇప్పుడు అసలు మాట. చాలామంది కొన్ని మాటలు పుట్టుకతోనే ప్రాపర్, కొన్ని పుట్టుకతోనే కామన్ అనుకుంటారు, రెండు డబ్బాలు పెట్టి ఇటు సిటీ, రివర్, బాయ్, అటు వరంగల్, గోదావరి, రవి అని నింపిస్తారు. పరీక్షకు అది సరిపోతుంది కానీ మీ పిల్లాడి లాంటివాడికి సరిపోదు. మాట అదే ఉంటుంది, మనం దానితో చేసే పని మారుతుంది. దీనికి మన ఓరుగల్లు మనుషులకు ఇంగ్లీష్ పాఠం అక్కరే లేదు, రోజూ చేస్తున్న పనే.

వరంగల్ స్టేషన్ బయటికి రండి. ఆటో డ్రైవర్ ఒక కాలు బయట పెట్టి, ముందు సీటు సగం ఖాళీగా ఉంచి "చౌరస్తా, చౌరస్తా, ఒక్కరే ఒక్కరే" అని అరుస్తుంటాడు. చౌరస్తా అంటే నాలుగు దారులు కలిసే చోటు, అట్లాంటివి ఊరినిండా ఉన్నాయి. కానీ ఆ అరుపు వింటే ఎవరూ "ఏ చౌరస్తా?" అని అడగరు, అడిగితే కొత్త మనిషని తెలిసిపోతుంది. అక్కడ ఆ మాట ఒక చోటికి సొంత పేరైపోయింది. అదే డ్రైవర్ దారిలో "ముందు చౌరస్తాల ట్రాఫిక్ ఆగింది" అన్నాడనుకోండి, అప్పుడు అది మళ్లీ ఉమ్మడి మాట. మనిషీ అతనే, నోరూ అదే.

పట్నం కూడా అంతే. పట్నం అంటే ఏ పెద్ద ఊరైనా. కానీ మన ఇళ్లలో "కొడుకు పట్నం పోయిండు" అంటే హైదరాబాదే, ఇంకోటి కాదు. "గుట్టకు పోయి మొక్కు చెల్లించి వచ్చినం" అంటే యాదగిరిగుట్ట, ఊరి పక్కనున్న రాళ్లగుట్ట కాదు. మాఘమాసం దగ్గర పడుతుంటే "జాతరకు పోతున్నరా?" అని అడిగితే మేడారమే, రెండేళ్లకోసారి వచ్చే సమ్మక్క సారలమ్మలే, ఏ పక్క ఊరి జాతరో అయితే ఆ ఊరి పేరు కలిపి చెప్తాం. తెలుగులో ఏబీసీడీల్లాగా పెద్ద అక్షరం, చిన్న అక్షరం లేవు. అయినా ఎప్పుడు సొంత పేరో ఎప్పుడు ఉమ్మడి మాటో మనకు పొరపాటున కూడా కలవదు. కాబట్టి మీ పిల్లలకు ఈ తేడా ముందే తెలుసు టీచరమ్మా. వాళ్లకు తెలియనిదల్లా ఇంగ్లీషువాళ్లు ఆ తేడాను కాగితం మీద పెద్ద అక్షరంతో చూపిస్తారని.

ఇక "ఒక్కటే ఉంటే ప్రాపర్" అన్న మీ రూల్. దాన్ని వదిలేయండి, అదే మిమ్మల్ని ఇరికించింది. ఎన్ని ఉన్నాయన్న లెక్కతో దీనికి పని లేదు. మీ స్కూల్లోనే ఇద్దరు ముగ్గురు సాయికుమార్లు ఉంటారు, అంతమాత్రాన సాయికుమార్ కామన్ నౌన్ అయిపోదు, ఎవరి పేరు వాళ్లకు సొంతమే. మీరు హాజరు పిలుస్తూ "మన క్లాసులో ముగ్గురు సాయికుమార్లు ఉన్నారు" అన్నప్పుడు మాత్రం ఆ ఒక్క వాక్యంలో ఆ పేరును ఉమ్మడి మాటలాగా వాడుతున్నారు, ఇంగ్లీషులో అయితే చివర ఎస్ చేర్చి త్రీ సాయికుమార్స్ అంటారు. అప్పుడు కూడా పెద్ద అక్షరం పోదు.

సూర్యుడి విషయానికి వస్తే, మనకు కనిపించేవాడు ఒక్కడే, నిజమే. కానీ సన్ అనేది వాడుకలో "దాన్ని ఏమంటారు" అనే రకం మాట, అందుకే ముందు ద పెట్టి ద సన్ అంటారు. వేరే నక్షత్రాలను కూడా వాటి చుట్టూ తిరిగే గ్రహాలకు సూర్యులే అంటారు. మూన్ ఇంకా తేలిక, గురుగ్రహానికి ఎన్నో చందమామలు ఉన్నాయి, వాటినీ మూన్స్ అనే అంటారు, అవన్నీ మూన్ జాతి. గురుడు, శని, అంగారకుడు, అంటే జూపిటర్, శాటర్న్, మార్స్ మాత్రం సొంత పేర్లు, వాటికి ఎప్పుడూ పెద్ద అక్షరమే, ముందు ద రాదు. మీ పిల్లాడికి ఒక మాట బాకీ ఉన్నారు మీరు. ఖగోళశాస్త్రం రాసేవాళ్లు మన సూర్యుణ్ణి, మన చంద్రుణ్ణి ప్రత్యేకంగా చెప్పేటప్పుడు సన్‌కు, మూన్‌కు పెద్ద అక్షరం పెడతారు, వాటిని సొంత పేర్లుగానే చూస్తారు. ఎర్త్ కూడా గ్రహం పేరుగా చెప్పినప్పుడు పెద్ద ఈ, మట్టి అన్న అర్థంలో చిన్న ఈ. నాలుగో తరగతిలో సన్ చిన్న అక్షరంతో కామన్ నౌన్ అనే చెప్పండి, పెద్దయ్యాక వాడు సైన్స్ పుస్తకంలో పెద్ద ఎస్ చూస్తే మిమ్మల్ని తిట్టుకోకుండా ఉండేందుకు ఈ ముక్క కూడా చెవిన వేయండి.

సండే దగ్గర మీరు తప్పు కొట్టడం సరైందే, కారణం మాత్రం ఇది. డే అనేది జాతి, ఆ జాతిలో ఏడింటికి ఏడు పేర్లు పెట్టుకున్నారు. వారం తిరిగి వచ్చినట్టే పేరూ తిరిగి వస్తుంది. పైగా ఆ పేర్లు దేవతలవీ గ్రహాలవీ. సండే సూర్యుడిది, సాటర్‌డే శనిది, థర్స్‌డే ఉత్తర యూరప్‌వాళ్లు కొలిచిన థార్ అనే దేవుడిది. మన ఆదివారం, శనివారం చూడండి, అదే వరస. నెలలూ అంతే, జులై జూలియస్ సీజర్ పేరు మీద, ఆగస్టు అగస్టస్ పేరు మీద. మరి "ఆన్ సండేస్" అని ఎస్ చేర్చి ఎట్లా రాస్తారు అని వాడు అడిగినా అడుగుతాడు, అడిగితే ఒప్పుకోండి, రోజుల పేర్లు కొన్నిసార్లు కామన్ నౌన్ లాగా నడుస్తాయి, గ్రామర్ పండితులు కూడా దీని మీద వాదించుకుంటారు. కానీ రాసేటప్పుడు పెద్ద ఎస్ మీద ఎవరికీ వాదన లేదు. విచిత్రం ఏమిటంటే కాలాలకు ఈ మర్యాద లేదు, సమ్మర్, వింటర్ చిన్న అక్షరమే. పండుగలకు ఉంది. బతుకమ్మకు, దసరాకు పెద్ద అక్షరం, ఫెస్టివల్‌కు చిన్నది. దీనికి లాజిక్ వెతికితే కొంతవరకే దొరుకుతుంది, మిగతాది వాళ్ల ఆనవాయితీ. మన దగ్గర లేవా ఆనవాయితీలు.

పెద్ద అక్షరం గురించి ఇంకొంచెం చెప్పాలి, మీ స్టాఫ్ రూమ్ గొడవ అక్కడే ఉంది. "పెద్ద అక్షరం ఉంటే ప్రాపర్ నౌన్" అని చాలా మంది అడ్డదారి చెప్తారు. అది తిరగబడే దారి. వాక్యం ఎట్లాగూ పెద్ద అక్షరంతోనే మొదలవుతుంది, ఐ అనే మాట నౌనే కాదు, అయినా ఎప్పుడూ పెద్దదే. జర్మన్ భాషలోనైతే నౌన్ అంటే చాలు పెద్ద అక్షరమే, కుర్చీకీ పిల్లికీ కూడా. ఇంగ్లీషువాళ్లు కూడా సుమారు మూడొందల ఏళ్ల క్రితం అట్లా చాలా నౌన్లకు పెట్టేవాళ్లు, తరవాత తగ్గించుకున్నారు. సొంత పేరు అయినందుకు పెద్ద అక్షరం వస్తుంది కానీ పెద్ద అక్షరం పెట్టినందుకు సొంత పేరు అయిపోదు.

మన పిల్లలు చేసే అసలు తప్పు వేరే. ఎవరి నోట్‌బుక్కు చూసినా ఫాదర్‌కు, మదర్‌కు, టీచర్‌కు, ఫార్మర్‌కు పెద్ద అక్షరాలు ఉంటాయి. టేబుల్‌కు, డాగ్‌కు అట్లా పెట్టరు గమనించండి. ఎందుకో నాకు చాలా ఏళ్లకు తట్టింది. వాళ్లు గారు పెడుతున్నారు! తెలుగులో నాన్నగారు, సారు, మేడమ్‌గారు అని మర్యాద ఇచ్చే అలవాటు, ఇంగ్లీషులో గారు దొరకలేదు, పెద్ద అక్షరం దొరికింది, దాన్నే గారు చేసుకున్నారు. పెద్దవాళ్లూ ఇదే చేస్తారు, పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు చూడండి, చిన్న అక్షరం రాస్తే ఎవరైనా అలుగుతారేమో అన్నట్టు ఉంటాయి. మీ స్టాఫ్ రూమ్‌లో పెద్ద ఎమ్ కావాలన్నవాళ్లు కూడా మనసులో అమ్మకు మర్యాద తగ్గుతుందనే బాధపడి ఉంటారు.

చార్టు మీద చిన్న ఎమ్, చిన్న టీ రాయండి. మై ఎమ్ మాత్రం వాక్యం మొదలు కాబట్టి పెద్దది. మదర్ ముందు మై, యువర్, హిజ్, హర్, ద లాంటిది ఏదున్నా అది ఉమ్మడి మాట, చిన్న అక్షరం. మనిషిని పేరు పెట్టి పిలిచే చోట పేరు బదులు మదర్ అన్నప్పుడు, "థ్యాంక్యూ, మదర్" అన్నట్టు, అది ఆమెకు పేరులాగా పని చేస్తోంది, అప్పుడు పెద్ద ఎమ్. ఇంట్లో మనం "మా అమ్మ వచ్చింది" అనడానికీ "అమ్మా!" అని కేక వేయడానికీ ఉన్న తేడా అదే. గాడ్ కూడా ఇట్లాంటిదే. ఒక్క దేవుడని చెప్పేటప్పుడు పెద్ద జీ, దేవుళ్లు దేవతలు అని చెప్పేటప్పుడు గాడ్స్‌కు చిన్న జీ.

మన ఊళ్లో గుళ్లకు, చెరువులకు కొదవ లేదు కాబట్టి ఇంకో పాఠం వాటితో చెప్పండి. వేయి స్తంభాల గుడిని ఇంగ్లీషులో థౌజండ్ పిల్లర్ టెంపుల్ అంటారు. థౌజండ్ సొంత పేరా? పిల్లరా? టెంపులా? మూడూ మామూలు మాటలే, ఒక్కటి కూడా విడిగా ప్రాపర్ నౌన్ కాదు. మూడూ కలిసి 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ ఒక్క గుడికి సొంత పేరయ్యాయి, అందుకని మూడింటికీ పెద్ద అక్షరం. రామప్ప ఇంకో రకం. శిల్పి పేరు మీద ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటాం, పాలంపేటలో ఉంది, శాసనం 1213 నాటిది, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. బోర్డు మీద రెండు వాక్యాలు రాయండి. "వి వెంట్ టు రామప్ప టెంపుల్. ద టెంపుల్ ఈజ్ వెరీ ఓల్డ్." మొదటి టెంపుల్‌కు పెద్ద టీ, రెండో టెంపుల్‌కు చిన్న టీ. పిల్లలు ఒక నిమిషం అనుమానంగా చూస్తారు, "అదే గుడి కదా సార్" అంటారు, నా క్లాసులో ప్రతి ఏడూ అన్నారు. గుడి అదే. మొదటిచోట పేరులో భాగం, రెండోచోట ఉత్త గుడి. కాకతీయ యూనివర్సిటీ అయినా, వరంగల్ ఫోర్ట్ అయినా, భద్రకాళి లేక్ అయినా ఇదే, పేరంతా రాస్తే పెద్దవి, తరవాత ద యూనివర్సిటీ, ద ఫోర్ట్, ద లేక్ అని ఊరికే అంటే చిన్నవి.

సొంత పేరును అనువాదం చేయకూడదని కూడా చెప్పండి, లేకుంటే ఎవడో నక్కలగుట్టను జాకాల్ హిల్ చేస్తాడు. వేయి స్తంభాల గుడికి ఇంగ్లీష్ పేరు కూడా స్థిరపడింది, అది వేరే సంగతి. స్పెల్లింగ్ విషయంలోనూ సొంత పేర్లకు డిక్షనరీ పెత్తనం చెల్లదు, పేరు పెట్టినవాళ్లు ఎట్లా రాస్తే అట్లా. హన్మకొండను ఎన్ని రకాలుగా రాశామో మా తరానికి తెలుసు, 2021లో వరంగల్ అర్బన్ జిల్లాకు పేరు మార్చినప్పుడు మధ్యలో యూ చేరి హనుమకొండ అయింది, జిల్లా పేరుగా ఇప్పుడు అదే రాయాలి.

ద ఎక్కడ పెట్టాలన్నది పెద్ద పురాణం, ఒక్క పేరుతో తేల్చేస్తాను. గోదావరి అనే అమ్మాయి ఉందనుకోండి, ముందు ద ఉండదు. గోదావరి నది అయితే ద గోదావరి. వరంగల్ స్టేషన్‌లో ఆగే బండి అయితే ద గోదావరి ఎక్స్‌ప్రెస్. ఒకే మాట, ముగ్గురికీ సొంత పేరే, నదికీ రైలుకూ ద తగులుతుంది, మనిషికి తగలదు. చెరువులకు కూడా తగలదు, పాకాల లేక్, లక్నవరం లేక్ అంటే చాలు. ఊళ్లకూ అంతే.

చివరగా ఒకటి, ఇది పాఠంలో లేదు కానీ మీ పిల్లాడు ఎట్లాగూ అక్కడికే వస్తాడు. స్కూల్ పక్కనే జిరాక్స్ సెంటర్ ఉంటుంది. జిరాక్స్ ఒక అమెరికా కంపెనీ సొంత పేరు, మనం దాన్ని ఎప్పుడో ఊరుమ్మడి చేసేశాం, ఏ మెషీన్ మీద తీసినా జిరాక్సే. ఊళ్లో మట్టి తవ్వే పసుపు బండిని ఏ కంపెనీదైనా జేసీబీ అంటాం, అది కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ అనే మనిషి పేరులోని మూడు పొడి అక్షరాలు. పరీక్షలో ఫోటోకాపీ అని రాయించండి, షాపులో జిరాక్స్ అనుకోనివ్వండి. కొన్ని పేర్లయితే పూర్తిగా జాతిలో కలిసిపోయి పెద్ద అక్షరం కూడా పోగొట్టుకున్నాయి. డీజిల్ జర్మన్ ఇంజినీర్ రుడాల్ఫ్ డీజిల్ ఇంటిపేరు, ఇప్పుడు చిన్న డీతో బంకులో దొరుకుతుంది. 1880లో ఐర్లండ్‌లో కౌలు వసూళ్లు చూసే కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్ అనే ఆయనకు రైతులంతా పని చేయడం మానేశారు, పలకడం మానేశారు, అప్పటి నుంచి ఆయన పేరే వెలివేయడానికి మాటైపోయింది. బల్బు డబ్బా చూపించండి, తొమ్మిది పక్కన డబ్ల్యూ పెద్దగా ఉంటుంది, జేమ్స్ వాట్ పేరు కాబట్టి, అదే వాట్ అని పూర్తిగా రాస్తే చిన్న డబ్ల్యూ. ఇట్లాంటివి పిల్లలకు కథల్లాగా చెప్తే బాగా పడతాయి, రూల్ లాగా చెప్తే పడవు.

అన్నట్టు మీ వర్క్‌షీట్‌లో "రోజ్ ఈజ్ ఎ ఫ్లవర్" లాంటి వాక్యాలు ఉంటే తీసేయండి, మొదటి మాటకు ఎట్లాగూ పెద్ద అక్షరమే కాబట్టి పిల్లలు దాన్ని చూసి ప్రాపర్ అని గీత గీసేస్తారు. అడిగే మాటను వాక్యం మధ్యలోకి జరపండి.

రేపు క్లాసులో "నేను మొన్న చెప్పిన ఒక్కటే ఉంటే ప్రాపర్ అన్న రూల్ తప్పు" అని మీరే చెప్పండి, పరువేం పోదు, తిప్పి తిప్పి సర్దిచెప్తేనే పోతుంది. ఇంటి దగ్గర పట్నం, గుట్ట, జాతర లాంటి మాటలు ఇంకేమున్నాయో అడిగి రాసుకు రమ్మనండి, వాళ్ల నానమ్మలు చాలా చెప్తారు. ఆ పిల్లాడి వర్క్‌షీట్ మాత్రం వెనక్కి తీసుకోండి. సన్ ప్రాపర్, సండే కామన్ అని వాడు రాసింది మీరు ఇచ్చిన రూల్ ప్రకారం అక్షరాలా కరెక్టే, రెండు మార్కులూ ఇచ్చేయండి.